చెల్సీ తన కెప్టెన్‌నే ఎందుకు అమ్ముకుంది? కానర్ గాలగర్ కెరీర్ వెనక లెక్కలు

ప్రశ్న: ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ కానర్ గాలగర్ 2023–24 సీజన్‌లో చెల్సీకి 50 మ్యాచ్‌లు ఆడాడు. చాలా వాటిల్లో అతనే కెప్టెన్. అయినా ఆ వేసవిలోనే, 24 ఏళ్ల వయసులో, అట్లెటికో మాడ్రిడ్‌కు అమ్మేశారు. అంతకుముందు లోన్ మీద నాలుగు క్లబ్బులు తిప్పారు. ఆటలో లోపం ఉందా? కోచ్‌కి నచ్చలేదా? అన్ని లోన్ల వల్ల కెరీర్ దెబ్బతిందా?

సమాధానం:

ముందు సూటిగా చెప్పేస్తాను. బాగా ఆడలేదని అమ్మలేదు. చెల్సీ అకాడమీలోనే పెరిగిన ఆటగాడు కాబట్టి అమ్మారు. బయట నుంచి కొనుక్కొచ్చిన ఆటగాడైతే, అదే ఆటతో, ఇంకో రెండు మూడేళ్లు అక్కడే ఉండేవాడని నా నమ్మకం. ఇది వినడానికి తలకిందులుగా ఉంటుంది. ఎందుకలాగో చెప్పాలంటే ఆట, అకౌంట్లు రెండూ మాట్లాడుకోవాలి. నేను లండన్‌లో ఆడిటింగ్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఉండేది క్రాయ్డన్ వైపు. క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్ స్టేడియం సెల్‌హర్స్ట్ పార్క్ మాకు దగ్గరే కాబట్టి గాలగర్ అక్కడ ఆడిన ఏడాది అతన్ని బాగానే చూశాను.

గాలగర్ 2000 ఫిబ్రవరి 6న లండన్ పక్కనున్న సర్రే కౌంటీలోని ఎప్సమ్‌లో పుట్టాడు. చెల్సీ శిక్షణ కేంద్రం కాబమ్ కూడా అదే కౌంటీలో ఉంది. అండర్-8 స్థాయిలోనే అకాడమీలో చేరాడు. మనవాళ్లు అతన్ని చూసే అవకాశం 2017లోనే వచ్చింది, చాలామంది గమనించి ఉండరు. ఆ ఏడాది అండర్-17 ప్రపంచ కప్ మన దేశంలో జరిగింది కదా. కోల్‌కతాలో అక్టోబర్ 28న ఫైనల్లో స్పెయిన్‌ను 5–2తో ఓడించి ఇంగ్లండ్ కప్పు గెలిచింది. ఆ జట్టులో ఫిల్ ఫోడెన్, జేడన్ సాంచో, మార్క్ గేహీ, మోర్గన్ గిబ్స్-వైట్, రియాన్ బ్రూస్టర్ ఉన్నారు. గాలగర్ కూడా ఉన్నాడు, కానీ అప్పటికి పెద్ద పేరేమీ లేదు. అందరి కళ్లూ ఫోడెన్ మీద, 8 గోల్స్ కొట్టిన బ్రూస్టర్ మీద. ఆ జట్టు కోచ్ స్టీవ్ కూపర్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

2018–19లో చెల్సీ అకాడమీ ఉత్తమ ఆటగాడి అవార్డు గాలగర్‌కు వచ్చింది. అంత వచ్చినా సీనియర్ జట్టులో చోటు దొరకడం వేరే సంగతి. అప్పట్లో చెల్సీ ఒకేసారి ముప్పై మందికి పైగా ఆటగాళ్లను లోన్ మీద బయటికి పంపేది. ఇంగ్లిష్ పత్రికలు దానికి ‘లోన్ ఆర్మీ’ అని పేరు పెట్టాయి. లోన్ అంటే, కాంట్రాక్ట్ సొంత క్లబ్‌తోనే ఉంటుంది, ఒక సీజనో సగం సీజనో వేరే క్లబ్‌కు ఆడతాడు. జీతం ఎవరు ఎంత ఇవ్వాలి, జనవరిలో వెనక్కి పిలవొచ్చా లేదా, ఇవన్నీ ఒప్పందంలోనే రాసుకుంటారు. కుర్రాడికి మ్యాచ్‌లు దొరుకుతాయి, సొంత క్లబ్‌కు అతని విలువ పెరుగుతుంది. ఆ రెండో మాట మీద కాస్త దృష్టి పెట్టండి.

మొదటి లోన్ 2019లో, రెండో శ్రేణి లీగ్ అయిన ఛాంపియన్‌షిప్‌లో ఉన్న చార్ల్‌టన్‌కు. 19 ఏళ్ల వాడు, పెద్దవాళ్లతో అదే మొదటి సీజన్. 26 మ్యాచ్‌ల్లో 6 గోల్స్ కొట్టాడు. జట్టులో బాగా కుదురుకున్నాక జనవరిలో చెల్సీ వెనక్కి పిలిచి స్వాన్సీకి పంపింది. అక్కడ కోచ్ ఎవరనుకున్నారు? స్టీవ్ కూపరే. కోల్‌కతా జట్టులోని బ్రూస్టర్, గేహీ కూడా అప్పుడు స్వాన్సీలోనే లోన్ మీద ఉన్నారు. ఆ స్వాన్సీ చివరి రోజు రెడింగ్‌ను 4–1తో ఓడించి, గోల్ తేడాతో పై లీగ్‌కు వెళ్లే ప్లేఆఫ్‌లోకి దూరింది. సెమీఫైనల్లో బ్రెంట్‌ఫర్డ్ చేతిలో ఓడింది. చార్ల్‌టన్ మాత్రం అదే చివరి రోజు కింది లీగ్‌కు దిగిపోయింది. గాలగర్ ఉండి ఉంటే దిగేది కాదని ఆ క్లబ్ అభిమానులు ఇప్పటికీ అంటుంటారు. పూర్తిగా కాదనలేం.

2020–21లో ప్రీమియర్ లీగ్‌లోనే ఉన్న వెస్ట్ బ్రామ్‌కు పంపారు. ఆ జట్టు ఆ సీజన్‌లో గెలిచిన మొదటి మ్యాచ్ షెఫీల్డ్ యునైటెడ్ మీద, 1–0. ఆ గోల్ గాలగర్‌దే. 30 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు, కోచ్ మధ్యలో మారాడు, జట్టు కింది లీగ్‌కు పడిపోయింది. అంకెలు చూస్తే ఇందులో ఏమీ కనబడదు. కానీ ప్రతి వారం బంతి లేకుండా పరుగెత్తడం, ఓడిపోతున్న జట్టులో తల వంచకుండా ఆడటం అక్కడే నేర్చుకున్నాడని నేననుకుంటాను. ఎందుకంటే ఆ మరుసటి ఏడాది సెల్‌హర్స్ట్ పార్క్‌కు వచ్చింది వేరే మనిషి.

2021–22లో క్రిస్టల్ ప్యాలెస్‌కు ప్యాట్రిక్ వియెరా కొత్త కోచ్. అంతకుముందు ప్యాలెస్ ఆట అంటే వెనక్కి తగ్గి గోల్ కాపాడుకోవడం, అవకాశం వస్తే స్టార్ ఫార్వర్డ్ జాహా వైపు బంతి విసరడం. వియెరా ముందుకొచ్చి ప్రెస్ చేయమన్నాడు, అంటే బంతి పోగానే ప్రత్యర్థి మీద పడి లాక్కోమన్నాడు. ఆ పనికి గాలగర్ సరిగ్గా సరిపోయాడు. బంతి పోగానే మొదట పరుగెత్తేది అతనే, బంతి దొరకగానే ప్రత్యర్థి బాక్స్‌లోకి ముందు చేరేదీ అతనే. ఆగస్ట్‌లో వెస్ట్ హామ్ మీద రెండు గోల్స్, అక్టోబర్ చివర్లో మాంచెస్టర్ సిటీని వాళ్ల స్టేడియంలోనే 2–0తో ఓడించినప్పుడు ఒకటి, డిసెంబర్‌లో ఎవర్టన్ మీద రెండు. మొత్తం 34 లీగ్ మ్యాచ్‌లు, 8 గోల్స్. నవంబర్‌లో శాన్ మరీనో మీద ఇంగ్లండ్ 10–0తో గెలిచిన మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి దేశానికి తొలి మ్యాచ్ ఆడాడు. మా వైపు పిల్లలు జాహా జెర్సీ కాకుండా వేరే పేరున్న జెర్సీ అడగడం నేను చూసింది ఆ ఏడాదే.

లోన్ ఆటగాడి బతుకు ఎలా ఉంటుందో కూడా ఆ ఏడాదే తెలిసింది. ఎఫ్‌ఏ కప్‌లో ప్యాలెస్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. వెంబ్లీలో ఎదురు జట్టు చెల్సీ. లోన్ షరతుల ప్రకారం సొంత క్లబ్ మీద ఆడకూడదు. ప్యాలెస్ అనుమతి అడిగింది, చెల్సీ కుదరదంది. సీజనంతా జట్టును లాక్కొచ్చిన మనిషి అంత పెద్ద మ్యాచ్‌లో పక్కన కూర్చున్నాడు, ప్యాలెస్ 0–2తో ఓడింది. చెల్సీది తప్పని అనను. తన జీతగాడు తన మీదే గోల్ కొడితే ఏ యజమాని ఊరుకుంటాడు?

ఇప్పుడు మీ ప్రశ్నలో చివరి ముక్కకు జవాబు. లోన్లు అతన్ని పాడుచేయలేదు, తయారుచేశాయి. మూడేళ్లలో నాలుగు క్లబ్బులు, రకరకాల కోచ్‌లు, వంద దాటిన సీనియర్ మ్యాచ్‌లు. ఆ మూడేళ్లూ చెల్సీలోనే బెంచ్ మీద కూర్చుని ఉంటే ఇంగ్లండ్ జెర్సీ వచ్చేది కాదు. అయితే అందరికీ ఇలా కలిసిరాదు. అదే కోల్‌కతా ఫైనల్ జట్టు పేర్లు తీసి చూడండి, ఎంతమంది ఇప్పుడు పెద్ద క్లబ్బుల్లో ఉన్నారో. లోన్‌లో వెళ్లిన చోట కోచ్ మారితే, మోకాలికి దెబ్బ తగిలితే, ఒక ఏడాది గాలికి పోతుంది. గాలగర్‌కు పెద్ద గాయాలు రాకపోవడం, ప్రతిచోటా కోచ్‌లు అతన్ని ఆడించడం, ఈ రెండూ కలిసొచ్చాయి.

2022 వేసవిలో చెల్సీకి తిరిగొచ్చాడు. అప్పటికి క్లబ్ చేతులు మారింది. రష్యా మీద ఆంక్షల వల్ల పాత యజమాని అబ్రమోవిచ్‌కు అమ్మక తప్పలేదు. టాడ్ బోలీ, క్లియర్‌లేక్ క్యాపిటల్ బృందం ఆ మే నెలలో కొనుక్కుంది. కొత్త యజమానులు డబ్బు కుమ్మరించి ఆటగాళ్లను కొన్నారు. ఆ గందరగోళంలో చెల్సీ ఆ సీజన్ 12వ స్థానంలో ముగిసింది. గాలగర్ చెల్సీకి కొట్టిన తొలి గోల్ ఎక్కడో తెలుసా? సెల్‌హర్స్ట్ పార్క్‌లో, ప్యాలెస్ మీద, 90వ నిమిషంలో, దూరం నుంచి. మ్యాచ్ గెలిపించిన గోల్ అది. సంబరం చేసుకోలేదు. చుట్టుపక్కల వాళ్లకి తిట్టాలో చప్పట్లు కొట్టాలో అర్థం కాలేదు.

2023–24లో పొచెట్టినో కోచ్‌గా వచ్చాక అసలు సీజన్. కెప్టెన్ రీస్ జేమ్స్, వైస్ కెప్టెన్ చిల్‌వెల్ ఇద్దరూ గాయాలతో బయట. కెప్టెన్ ఆర్మ్‌బ్యాండ్ గాలగర్‌కు వచ్చింది. 38 లీగ్ మ్యాచ్‌ల్లో 37 ఆడాడు. ఆడని ఆ ఒక్కటీ బ్రైటన్ మీద రెండో ఎల్లో కార్డు తిన్నందుకు వచ్చిన సస్పెన్షన్. కారబావో కప్ (ఇంగ్లండ్ లీగ్ కప్) ఫైనల్లో లివర్‌పూల్ మీద బంతి పోస్ట్‌కు కొట్టాడు, గోల్ కీపర్ ఎదురుగా అవకాశం వదిలేశాడు. అదనపు సమయంలో వాన్ డైక్ హెడర్‌తో లివర్‌పూల్ కప్పు పట్టుకెళ్లింది. జట్టు లీగ్‌లో ఆరో స్థానానికి లేచింది. అలాంటి మనిషిని ఎవరైనా అమ్ముతారా అన్నది మీ సందేహం.

ఇక్కడి నుంచి ఆడిటర్‌గా మాట్లాడతాను.

ప్రీమియర్ లీగ్‌లో లాభనష్టాల నిబంధన ఒకటి ఉంది, పీఎస్‌ఆర్ అంటారు. మూడేళ్లు కలిపి ఒక క్లబ్ 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదు. దాటితే పాయింట్లు కోస్తారు. 2023–24లోనే ఎవర్టన్‌కు ముందు 10 పాయింట్లు కోసి, అప్పీలు తర్వాత 6కు తగ్గించారు. నాటింగమ్ ఫారెస్ట్‌కు 4 కోశారు. అంటే అది కాగితం మీద బెదిరింపు కాదని అందరికీ అర్థమైంది.

కొన్న ఆటగాడి ధరను ఒకేసారి ఖర్చు రాయరు. కాంట్రాక్ట్ ఎన్నేళ్లుంటే అన్నేళ్లకు పంచుతారు. ఉదాహరణకు మొయిసెస్ కైసెడోను 2023 ఆగస్ట్‌లో 10 కోట్ల పౌండ్లు పెట్టి (పైన అదనపు చెల్లింపులు వేరే) 8 ఏళ్ల కాంట్రాక్ట్ మీద తీసుకున్నారు. పుస్తకాల్లో ఏడాదికి 1.25 కోట్లే పడుతుంది. చెల్సీ ఇంత పొడుగు కాంట్రాక్టులు ఇవ్వడంలో కిటుకు అదే. అది చూసి ముందు యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఫా, తర్వాత 2023 డిసెంబర్‌లో ప్రీమియర్ లీగ్ ఐదేళ్లకు మించి పంచడానికి వీల్లేదని గీత గీశాయి. అమ్మేటప్పుడు ఏం చేస్తారంటే, వచ్చిన డబ్బులోంచి ఇంకా ఖర్చు రాయని భాగం తీసేసి మిగిలిందే లాభమంటారు. కైసెడోను ఏడాది తర్వాత 8.75 కోట్లకు అమ్మితే లాభం సున్నా.

అకాడమీ కుర్రాడికి కొన్న ధరే లేదు. పుస్తకాల్లో అతని విలువ సున్నా. కాబట్టి ఎంతకు అమ్మితే అంతా లాభమే, అదీ అమ్మిన ఏడాదే. తాతల నాటి పొలం అమ్మితే వచ్చిందంతా జేబులోకే అన్నట్టు ఉంటుంది, అప్పుచేసి కొన్న ఫ్లాట్ అమ్మితే అలా ఉండదు కదా. ఇందులో ఇంకో మెలిక ఉంది, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. అకాడమీ మీద పెట్టే ఖర్చును పీఎస్‌ఆర్ నష్టాల లెక్కలోంచి మినహాయిస్తారు. పిల్లల ఫుట్‌బాల్‌ను ప్రోత్సహించాలన్న మంచి ఉద్దేశంతోనే ఆ మినహాయింపు పెట్టారు. కానీ ఫలితం చూడండి. కుర్రాణ్ణి పెంచిన ఖర్చు లెక్కలోకి రాదు, అమ్మిన డబ్బు మొత్తం లెక్కలోకి వస్తుంది. నా వృత్తిలో ఇలాంటి నిబంధన కనబడితే, దాన్ని వాడుకోని కంపెనీ ఉండదు.

చెల్సీ వాడుకుంది. 2023లో మేసన్ మౌంట్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కు 5.5 కోట్ల పౌండ్లకు (అదనపు చెల్లింపులు కాకుండా) ఇచ్చింది. లోఫ్టస్-చీక్, హడ్సన్-ఒడాయ్, లూయిస్ హాల్, మాట్సెన్ ఇలా అకాడమీ పిల్లలు ఒక్కొక్కరే వెళ్లారు. ఇది చాలక స్టేడియం పక్కనున్న రెండు హోటళ్లను తమ గ్రూపులోని ఇంకో కంపెనీకే అమ్మి 7.65 కోట్ల పౌండ్లు చూపించారు. దాని గురించి రాయాలంటే ఇంకో సమాధానమవుతుంది.

ఆ వరుసలో 2024 వేసవికి గాలగర్ వంతు వచ్చింది. కాంట్రాక్ట్ 2025 జూన్‌తో అయిపోతుంది. అప్పటిదాకా ఆగితే ఉచితంగా వెళ్లిపోతాడు. కొత్త కాంట్రాక్ట్ మాటలు కుదరలేదు. కొన్నవాళ్లకు ఏడెనిమిదేళ్లు ఇచ్చిన క్లబ్, సొంత కెప్టెన్‌కు రెండేళ్ల పొడిగింపే ఇవ్వజూపిందని అప్పట్లో పత్రికలు రాశాయి. అది నిజమైతే, ఉంచుకునే ఉద్దేశం ఎంతుందో అందులోనే తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే వింతగా అనిపించేది ఇది. అదే వేసవిలో చెల్సీ లెస్టర్ నుంచి ఇంకో మిడ్‌ఫీల్డర్ డ్యూస్‌బరీ-హాల్‌ను సుమారు 3 కోట్ల పౌండ్లకు, ఆరేళ్ల కాంట్రాక్ట్ మీద కొంది. అతను గాలగర్ కంటే ఏడాదిన్నర పెద్ద. గాలగర్‌కు అట్లెటికో నుంచి వచ్చింది దాదాపు 3.4 కోట్లు. నిజం డబ్బు చూస్తే చిల్లర తేడా. పుస్తకాల్లో చూడండి. కొన్నదాని ఖర్చు ఐదేళ్లకు పంచితే ఏడాదికి 60 లక్షలు. అమ్మిన దాని లాభం 3.4 కోట్లూ ఆ ఏడాదికే. ఒక మిడ్‌ఫీల్డర్ పోయి ఇంకో మిడ్‌ఫీల్డర్ వస్తే ఖాతా 2.8 కోట్లు మెరుగైంది. ఇంకో విచిత్రం, డ్యూస్‌బరీ-హాల్ కూడా లెస్టర్ అకాడమీలో పెరిగినవాడే, లెస్టర్‌కూ ఇదే పీఎస్‌ఆర్ టెన్షన్. రెండు క్లబ్బులూ తమ తమ కుర్రాళ్లను అమ్ముకుని రెండూ లాభం రాసుకున్నాయి. చెల్సీలో అతనికి లీగ్ మ్యాచ్‌లు సరిగా దొరకలేదు, ఏడాది తిరిగేసరికి ఎవర్టన్‌కు వెళ్లిపోయాడు.

మరి ఆట సంగతి అస్సలు లేదా అంటే, కొంత ఉంది. ఆ వేసవిలో వచ్చిన కొత్త కోచ్ ఎంజో మరెస్కా, బంతి మన దగ్గరే ఉంచుకుని, ఇరుకులో చిన్న చిన్న పాస్‌లతో పైకి తీసుకెళ్లే ఆట ఆడించాలనుకున్నాడు. గాలగర్ బలం బంతి లేనప్పుడు. వెనక నుంచి ఒత్తిడి వస్తున్నప్పుడు ఒక్క టచ్‌తో తిరగడం, గట్టి డిఫెన్స్ మధ్య సందు వెతకడం అతని పని కాదు. యూరో 2024లో అది బయటపడింది. స్లొవేనియా మీద అప్పటి ఇంగ్లండ్ కోచ్ సౌత్‌గేట్ అతన్ని మొదటి పదకొండు మందిలో ఆడించి, హాఫ్‌టైమ్‌కే తీసేసి కాబీ మైనూను దించాడు. తర్వాత ఆ చోటు మైనూదే అయింది. కాబట్టి చెల్సీలో పెద్ద పాత్ర తగ్గేదేమో. కానీ అలాంటి మనిషిని జట్టులో ఉంచుకోవడానికి ఏ కోచ్‌కూ అభ్యంతరం ఉండదు. అమ్మాలన్న ఒత్తిడి కోచ్ నుంచి పుట్టింది కాదు.

అమ్మిన తీరు మాత్రం బాగాలేదు. మాడ్రిడ్ వెళ్లి మెడికల్ పరీక్షలు చేయించుకుని ప్రకటన కోసం ఎదురుచూస్తుంటే, అట్లెటికో నుంచి చెల్సీకి రావాల్సిన స్ట్రైకర్ ఒమొరోడియన్ బేరం చెడింది. ఆ అమ్మకం డబ్బు వస్తేనే అట్లెటికో గాలగర్‌కు డబ్బు కట్టగలదు. గాలగర్ లండన్ తిరిగొచ్చి, నిన్నటిదాకా కెప్టెన్‌గా ఉన్న జట్టుకు దూరంగా విడిగా ప్రాక్టీస్ చేశాడు. చివరికి అట్లెటికో ఫార్వర్డ్ జోవావ్ ఫెలిక్స్ చెల్సీకి రావడానికి ఒప్పుకున్నాక, ఆగస్ట్ 21న దారి తెరుచుకుంది.

స్పెయిన్‌లో అతను ఎగిరిపోలేదు, మునిగిపోనూ లేదు. అట్లెటికో కోచ్ సిమియోనె దగ్గర పరుగెత్తేవాళ్లకి ఎప్పుడూ పని ఉంటుంది. సెప్టెంబర్‌లో వలెన్సియా మీద తొలి గోల్ కొట్టాడు. 2025 మార్చి 12న ఛాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్ మీద అర నిమిషం తిరగకుండానే గోల్ కొట్టి స్టేడియాన్ని లేపాడు. ఆ మ్యాచ్ పెనాల్టీల్లో పోయింది. అట్లెటికో ఆటగాడు అల్వారెజ్ పెనాల్టీలో బంతి రెండు కాళ్లకూ తగిలిందని రద్దు చేసిన రగడ అక్కడిదే. అయితే చాలా మ్యాచ్‌ల్లో బెంచ్ మీద నుంచే రావాల్సి వచ్చింది. 2026 జనవరిలో మళ్లీ లండన్‌కే వచ్చాడు, కానీ చెల్సీకి గిట్టని టాటెన్‌హామ్‌కు.

మీరు ఇంకో కుర్రాడి గురించి ఇలాగే అంచనా వేయాలనుకుంటే, గోల్స్ లెక్క చూసేముందు మూడు విషయాలు చూడండి. సొంత అకాడమీ వాడా, కాంట్రాక్ట్‌లో ఎన్నేళ్లు మిగిలాయి, క్లబ్ ఖాతా సంవత్సరం ఎప్పుడు ముగుస్తుంది. చాలా క్లబ్బులకు అది జూన్ 30. 2024 జూన్ చివరి వారంలో చెల్సీ మాట్సెన్‌ను ఆస్టన్ విల్లాకు అమ్మింది. అవే రోజుల్లో విల్లా నుంచి ఇంకా పెద్దగా ఎవరికీ తెలియని ఒమారి కెల్లీమన్ చెల్సీకి వచ్చాడు. న్యూకాసిల్ తను పెంచుకున్న మిడ్‌ఫీల్డర్ ఎలియట్ ఆండర్సన్‌ను ఫారెస్ట్‌కు ఇచ్చింది కూడా ఆ హడావుడిలోనే. ఆండర్సన్ ఆ తర్వాత ఇంగ్లండ్ జట్టులోకి వచ్చాడు. 2026–27 నుంచి పీఎస్‌ఆర్ స్థానంలో జట్టు ఖర్చును ఆదాయంలో 85 శాతానికి కట్టడి చేసే పద్ధతి తేవాలని క్లబ్బులు ఓటు వేశాయి. అందులోనూ ఆటగాళ్ల అమ్మకాల లాభం లెక్కలోకి వస్తుంది కాబట్టి, అకాడమీ పిల్లల మీద ఈ ఒత్తిడి పూర్తిగా పోతుందని నేననుకోను.